నాట్లకు ముందే మోటారు ఎటు తిరుగుతోందో చూసుకోండి

నారుమడి తడపాల్సిన రోజు స్విచ్ వేస్తే మోటారు తిరుగుతుంది, నీళ్ళూ వస్తాయి, కానీ పైపు నిండా రావు. బోరు అడుగంటిందని కొందరు, పంపు అరిగిపోయిందని కొందరు మోటారు పైకి లాగిస్తారు. మనుషుల కూలీ, మెకానిక్ ఖర్చు, రెండు రోజుల పని అన్నీ పోయాక తేలేది ఒకటే: పంపుకు ఏమీ కాలేదు, మోటారు వెనక్కి తిరుగుతోంది. ఎండాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి వేరేది పెట్టినప్పుడో, గాలిదుమారానికి తెగిన తీగలు మళ్ళీ కట్టినప్పుడో రెండు ఫేజులు అటూ ఇటూ అయితే చాలు, ఇలా జరుగుతుంది.

వెనక్కి తిరిగితే నీళ్ళు అసలు రాకపోతే ఎవరైనా వెంటనే కనిపెట్టేవారు. పంపు లోపలి రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, ఎటు తిరిగినా నీటిని మధ్య నుంచి అంచుకే విసురుతుంది కాబట్టి, తక్కువగానైనా నీళ్ళు పైకే వస్తాయి. రెక్కల వంపు ఎదురు కావడంతో ఒత్తిడి పడిపోతుంది. లోతు బోరైతే నీరు పైదాకా ఎక్కకపోవచ్చు కూడా. బోరులో నీటిలో మునిగి నడిచే సబ్‌మెర్సిబుల్ మోటారు తన పక్కనుంచి పారే నీటితోనే చల్లబడుతుంది. ఆ పారుదల ఆగితే వైండింగు వేడెక్కుతుంది. ఇంపెల్లర్‌ను నట్టుతో బిగించిన పంపుల్లో ఆ నట్టు వదులయ్యే ప్రమాదం ఉంది.

అసలు మోటారు ఎటు తిరగాలో నిర్ణయించేది ఏమిటి? త్రీఫేజ్ కరెంటులో మూడు ఫేజులూ సెకనుకు 50 సార్లు పెరిగి తగ్గుతాయి. అయితే ఒకేసారి కాదు, ఒకదాని వెనక ఒకటి, సెకనులో 150వ వంతు తేడాతో. మోటారులో కదలని బయటి భాగమైన స్టేటర్‌లోని మూడు వైండింగులు అదే వరుసలో బలం పుంజుకోవడం వల్ల అయస్కాంత క్షేత్రం చుట్టూ పరుగెడుతుంది. మధ్యలో తిరిగే భాగమైన రోటారుకు బయటి నుంచి తీగ ఏదీ ఉండదు. ఆ తిరిగే క్షేత్రమే రోటారు కడ్డీల్లో కరెంటు పుట్టించి తన వెంట లాక్కుపోతుంది. రెండు పోళ్ళ (అయస్కాంత ధ్రువాల) మోటారులో క్షేత్రం నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది, రోటారు మాత్రం 2,800–2,900 దగ్గరే ఉంటుంది. రెండూ సమానమైతే కడ్డీల్లో కరెంటే పుట్టదు, లాగే బలమూ ఉండదు. నికోలా టెస్లా 1888లో పేటెంట్ పొందిన సూత్రం ఇదే, నేటికీ మన బోర్లలో పనిచేస్తోంది.

ముగ్గురు గుండ్రంగా కూర్చుని ఒక తట్టను ఒకరి నుంచి ఒకరికి వరుసగా అందిస్తున్నారనుకోండి. ఇద్దరు చోట్లు మార్చుకుంటే, అందించే క్రమం అదే ఉన్నా తట్ట ఎదురు దిక్కున తిరుగుతుంది. ముగ్గురూ ఒక్కో చోటు జరిగితే ఏమీ మారదు. ఫేజులూ అంతే: ఏ రెండు తీగలు మార్చినా మోటారు వెనక్కి తిరుగుతుంది, మూడింటినీ ఒక్కో టెర్మినల్ జరిపితే పాత దిక్కే.

బయట కనిపించే మోటారైతే పంపు బాడీ మీద బాణం గుర్తు ఉంటుంది. బటన్ నొక్కి వెంటనే ఆపేసి, ఆగబోతున్నప్పుడు ఫ్యాన్ ఎటు తిరుగుతోందో చూడండి. చేయి, లుంగీ, కండువా దగ్గరికి రానివ్వొద్దు. బోరులోని మోటారుకు నీళ్ళే సాక్ష్యం: ఎంత నీరు పోస్తోందో చూసుకుని, రెండు తీగలు మార్చి మళ్ళీ నడపండి. ఎక్కువ పోసేదే సరైన దిక్కు. ఈ రెండు పరీక్షల మధ్య కాసేపు ఆగాలి. నీరు వెనక్కి దిగకుండా ఆపే ఫుట్‌వాల్వు లేదా నాన్‌రిటర్న్ వాల్వు కారుతుంటే పైపులోని నీరు కిందికి దిగుతూ పంపును ఎదురు తిప్పుతుంది. అప్పుడే స్విచ్ వేస్తే షాఫ్టు మీద దెబ్బ పడుతుంది.

తీగలు మార్చే ముందు మీ ఒక్కరి మోటారే తిరగబడిందా, ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద అందరివీనా అని పక్క పొలం వాళ్ళను అడగండి. అందరివీ అయితే వరుస పైనే మారింది, లైన్‌మన్‌కు చెప్పండి. ఎవరికి వారు మార్చుకున్నాక లైన్‌మన్ పైన సరిచేస్తే అందరి మోటార్లూ మళ్ళీ వెనక్కే.

మీ దగ్గరే మార్చాల్సి వస్తే ఒక విషయం చాలా గట్టిగా చెప్పాలి. స్టార్టర్ ఆఫ్ బటన్ నొక్కితే కరెంటు పోయినట్టు కాదు. స్టార్టర్‌కు కరెంటు వచ్చే మూడు టెర్మినళ్ళ మధ్య 415 వోల్టులు అలాగే ఉంటాయి. ముందు కరెంటు ఉన్నచోట టెస్టర్ వెలుగుతోందో లేదో చూసుకోండి. తర్వాత మెయిన్ దించి, మూడు ఫ్యూజులూ పీకి జేబులో పెట్టుకోండి. అప్పుడు ప్రతి టెర్మినల్ మీదా టెస్టర్ పెట్టండి. మెయిన్ స్విచ్చే లేకుండా సర్వీసు వైరు నేరుగా స్టార్టర్‌కు ఇచ్చి ఉంటే లైన్‌మన్‌తోనే లైను ఆఫ్ చేయించండి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు వేయబోయి రైతు చనిపోయాడన్న వార్త వింటూనే ఉన్నాం. ఎంత తొందర పని ఉన్నా ఆ గద్దె ఎక్కొద్దు. ఆటో స్టార్టర్ ఉంటే ముందు దాన్ని తీసేయండి, కరెంటు రాగానే ఎవరూ నొక్కకుండానే మోటారు అందుకుంటుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలయ్యాక వీటిని తొలగించాలని ప్రభుత్వమే రైతులను కోరింది. తిరగబడిన మోటారును రాత్రంతా ఎవరూ చూడకుండా నడిపేదీ ఇదే.

ఎక్కడ మార్చాలన్నదీ ముఖ్యమే. లైనులో వరుస మారితే స్టార్టర్‌కు కరెంటు వచ్చే వైపు మార్చండి, అప్పుడు ప్రివెంటర్ (ఫేజు వరుస తప్పినా, ఒక ఫేజు పోయినా మోటారును ఆపే పరికరం) కూడా ఒప్పుకుంటుంది. లైను బాగానే ఉండి, వైండింగు చేయించి దించిన మోటారు తిరగబడితే మోటారు వైపు. స్టార్-డెల్టా స్టార్టర్‌లో మోటారుకు ఆరు తీగలు వెళ్తాయి, వాటిలో చేయి పెట్టకుండా మెకానిక్‌ను పిలవండి. దిక్కు కుదిరాక మూడు తీగలకూ రంగు టేపులు చుట్టి, ఆ వరుసను స్టార్టర్ డబ్బా తలుపు లోపల రాసిపెట్టండి.

ఒక ఫేజు పోవడం వేరే సంగతి, మరింత ప్రమాదం. తిరిగే క్షేత్రమే ఏర్పడదు కాబట్టి ఆగి ఉన్న మోటారు ఎటూ కదలక గుమ్మని మూలుగుతుంది, మామూలుకు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఆ మూలుగు వినగానే ఆపేయాలి. ప్రివెంటర్ పనిచేస్తోందా, ఎక్కువ కరెంటు లాగితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్లకే ఉందా చూడండి. రిలే ఊరికే పడిపోతోందని దాన్ని పెంచితే కాలేది వైండింగే. నెలల తరబడి వాడని మోటారుకు మెగ్గర్ (వైండింగు ఇన్సులేషన్ బాగుందో లేదో కొలిచే మీటరు) పెట్టించండి. ఒక మెగాఓమ్ లోపు చూపిస్తే స్విచ్ వేయొద్దు. ఎలుకలు కొరికిన వైరు, ఊడిన ఎర్తింగు తీగ కంటికే కనిపిస్తాయి.

ఇంట్లో సంపు నుంచి ట్యాంకుకు నీళ్ళెక్కించే సింగిల్ ఫేజ్ మోటారు లెక్క వేరు. ప్లగ్గు తిప్పి పెట్టినా, ఫేజు న్యూట్రల్ మార్చినా దాని దిక్కు మారదు. కండెన్సర్‌తో నడిచే స్టార్టింగ్ వైండింగు రెండు కొనలను మాత్రమే మార్చాలి. కరెంటు తీసేసినా కండెన్సర్‌లో నిల్వ ఉన్న చార్జి గట్టిగా కొడుతుంది, అది దిగేదాకా ఆ తీగలు ముట్టుకోవద్దు.