బెలుం గుహలకు బయలుదేరే ముందు

నంద్యాల జిల్లాలోని బెలుం గుహలకు వెళ్దామనగానే ఇంట్లో ముందు వచ్చే ప్రశ్న "లోపల పాములుంటాయా?" అని. ఆ తర్వాత "కరెంటు పోతే ఎలా?" అని. అందరి భయం ఈ రెండింటి మీదే. అక్కడ మనుషుల్ని నిజంగా కూలబెట్టేది మాత్రం ఉక్కపోత.

"నెల్లూరు వాళ్లం, మాకు ఉక్కపోత కొత్తా?" అనుకోవద్దు. మనకు సాయంత్రానికైనా సముద్రపు గాలి తిరుగుతుంది. గుహ లోపలి భాగాల్లో గాలి తనంతట తాను కదలదు, గొట్టాల ద్వారా పంపే గాలే దిక్కు. గొట్టం కింద నిలబడితే ప్రాణం లేచి వస్తుంది. నాలుగడుగులు వేస్తే చొక్కా మళ్లీ వీపుకు అంటుకుంటుంది, కళ్లద్దాల మీద ఆవిరి పడుతుంది. గాలి నిండా తేమ కాబట్టి చెమట ఆరదు, అది ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కాబట్టి లోపలికి దిగే ముందే కడుపునిండా నీళ్లో మజ్జిగో తాగండి. పలుచని నూలు బట్టలు వేసుకోండి. పట్టుచీరలు, జీన్స్ ప్యాంట్లు ఫొటోలకు బాగుంటాయేమో గానీ వంగి నడిచే చోట శత్రువులే. తల తిరిగినా, గుండె దడగా అనిపించినా మొహమాటపడకుండా గొట్టం దగ్గర కూర్చుని, తేరుకున్నాక వెనక్కి తిరగండి.

ఉబ్బసం, గుండె జబ్బు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ముందే డాక్టరును అడగాలి. ఇన్‌హేలర్ కారులో కాదు, జేబులో ఉండాలి. ఇరుకు చోట ఊపిరాడనట్టు అనిపించేవాళ్లను "ఏం కాదు రా" అని చెయ్యి పట్టి లాక్కుపోవడం మన బంధువుల్లో ఉన్న చెడ్డ అలవాటు, దాన్ని ఇంటి దగ్గరే వదిలెయ్యండి. పెద్దవాళ్లను మొదటి విశాలమైన గదుల వరకు తీసుకెళ్లి, అక్కడి నుంచి తిప్పి పంపడం మేలు. పాతాళగంగ ఈ గుహల్లో అన్నిటికన్నా లోతైన చోటు, ప్రవేశద్వారం నుంచి 46 మీటర్ల కింద ఉంటుంది. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది. మెట్లెక్కి రావాల్సి వచ్చినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. అక్కడ రాయి తడిగా ఉంటుంది కాబట్టి అడుగున గరుకు పట్టు ఉన్న బూట్లు కావాలి. నున్నటి తోలు చెప్పులు వద్దు.

ఈ గుహల గురించి 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాసిపెట్టాడు. దాదాపు వందేళ్లకు జర్మన్ బృందం వచ్చి లోపలంతా పరిశీలించింది. జనానికి తెరిచింది 2002లో. మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనం నడిచేది అందులో సగం కన్నా తక్కువే. మిగతా భాగంలో దీపాలు లేవు, గాలి గొట్టాలు లేవు. అడ్డుకట్ట దాటి "ఇటేముందో చూద్దాం" అనే పిల్లవాణ్ణి ఆపాల్సింది అందుకే. గైడు వెంటే నడవండి. లోపల ఫోను సిగ్నలు మీద ఆశ పెట్టుకోకుండా, గుంపులో ఎవరు ఎవరి చెయ్యి పట్టుకోవాలో పైనే చెప్పుకోండి. చిన్న టార్చి ఒకటి పెద్దవాళ్ల దగ్గర ఉండాలి. దీపాలు ఆరిపోతే కదలకుండా నిలబడటమే మందు. చీకట్లో పరుగెత్తిన తల పైరాతికి తగులుతుంది.

కప్పు నుంచి వేలాడే రాళ్లను ముట్టుకోవద్దు. సున్నం కలిసిన నీటిబొట్టు రాలుతూ రాలుతూ కట్టినవి అవి, వందేళ్లకు వేలి మందం పెరిగితే గొప్ప. చేతి జిడ్డు అంటితే ఆ ఎదుగుదలా ఆగుతుంది. సప్తస్వరాల గుహలో మోగే రాళ్లను గైడు తట్టి వినిపిస్తే వినండి, మీరు రాయి పెట్టి కొట్టకండి.

వానల సంగతి వేరుగా చెప్పాలి. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, సెలవులూ అప్పుడే. సున్నపురాతిని తొలిచి ఆ దారులు చేసింది నీరే. పైన గట్టి వాన పడితే నీటికి తన పాత దారి గుర్తుంటుంది. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం వాయిదా వెయ్యండి. వాగు రోడ్డు మీద పొర్లుతుంటే ముందు లారీ వెళ్లింది కదా అని కారు దింపకండి.

నెల్లూరు నుంచి ఆత్మకూరు, బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా వెళ్లాలి. ఒంగోలు వాళ్లకు గిద్దలూరు దాటాక నల్లమల ఘాట్ ఉంది, దాన్ని పగటిపూటే దాటండి. కొలిమిగుండ్ల చుట్టుపక్కల నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు ఎక్కువ. బండల లోడు వెనక దగ్గరగా పోవద్దు. దారిలో బిరియానీ దట్టించి గుహలో దిగితే కడుపులో తిప్పుతుంది, పెరుగన్నం చాలు. చేపల పులుసు డబ్బా కట్టుకునే ఆలోచన ఉంటే దాన్ని తిరుగు ప్రయాణానికి దాచుకోవడం కూడా కుదరదు, ఎండలో కారులో పాడవుతుంది.

ఇక డ్రైవింగ్ చేసే మనిషి. గుహంతా తిరిగి, చెమటోడ్చి పైకి వచ్చినవాడు వెంటనే స్టీరింగ్ పడితే కునుకు వస్తుంది. అతను గంటసేపు నీడన పడుకోవాలి, లేదా గుహలోకి దిగకుండా ఉండాలి. పొద్దువాలితే జమ్మలమడుగులోనో గండికోటలోనో రాత్రి ఆగి, తెల్లవారాక బయలుదేరండి.