బండి బాడీ పని నేర్చుకుందాం, 4వ పాఠం: స్టీలు రేకా, అల్యూమినియం రేకా?

పోయిన పాఠంలో ఛాసిస్ (బండి కింది చట్రం) మీద సరుకు వేసే తొట్టి ఎలా కూర్చుంటుందో, దాన్ని పట్టి ఉంచే యూ-బోల్టులు ఎక్కడ పడాలో చూశాం. ఈసారి ఆ తొట్టి రేకు సంగతి. చిత్తూరులో మా షెడ్డుకు మామిడి సీజన్ ముందు వచ్చే పికప్‌లు దాదాపు అన్నీ స్టీలు తొట్టివే. "అల్యూమినియం వేయిస్తే బరువు తగ్గుతుందంట కదన్నా" అని ఈమధ్య ఓనర్లు అడుగుతున్నారు. జవాబు చెప్పాలంటే మనకు లెక్కా తెలియాలి, పనీ తెలియాలి.

ముందు రేకును గుర్తుపట్టడం. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకోండి. స్టీలుకు అతుక్కుంటుంది, అల్యూమినియానికి అతుక్కోదు. ఒక జాగ్రత్త ఏమిటంటే, వంటపాత్రల్లో వాడే రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు కూడా అయస్కాంతం సరిగా పట్టదు. అనుమానం వస్తే మూల మీద గ్రైండర్ ఒక్కసారి తాకించండి. స్టీలైతే నిప్పురవ్వలు ఎగురుతాయి, అల్యూమినియమైతే ఒక్క రవ్వ కూడా రాదు. ఇదే అయస్కాంతం ఇంకో పనికీ వస్తుంది. పాత స్టీలు బండి కొనేటప్పుడు డోరు మీద, పక్క రేకుల మీద నెమ్మదిగా జరుపుతూ పోండి. ఎక్కడైనా పట్టు సడలిందంటే ఆ రంగు కింద పుట్టీ మందంగా ఉంది, పాత దెబ్బ దాచారన్నమాట. నేను ఈ పని నేర్చుకున్నాక మొదట చేసిన మంచి పని ఇదే. మా బంధువొకాయన అడ్వాన్స్ ఇవ్వబోతున్న బండికి రెండు పక్కలా పుట్టీయేనని చూపించి ఆపగలిగాను.

ఇక లెక్క. స్టీలు సాంద్రత ఘన సెంటీమీటరుకు 7.85 గ్రాములు, అల్యూమినియానిది 2.7. దీన్ని చూసి చాలామంది బరువు మూడో వంతుకు పడిపోతుందనుకుంటారు. అలా పడదు. వంగకుండా నిలబడే గుణంలో కూడా అల్యూమినియం స్టీలులో మూడో వంతే. అందుకని అదే బిగువు రావాలంటే రేకు మందం పెంచాలి. చదును రేకుకు ఆ పెంపు సుమారు 1.44 రెట్లు. 1.2 మి.మీ. స్టీలు రేకు చదరపు మీటరుకు 9.4 కిలోలు తూగుతుంది. దానికి బదులు 1.73 మి.మీ. అల్యూమినియం వేస్తే 4.7 కిలోలు. అంటే దక్కేది సగం.

ఒక తొట్టికి వేసి చూద్దాం. పొడవు 2.5 మీటర్లు, వెడల్పు 1.7, పక్కల ఎత్తు 0.45 అనుకోండి. అడుగు, నాలుగు పక్కలు కలిపితే రేకు సుమారు 8 చదరపు మీటర్లు. స్టీలైతే 75 కిలోలు, అల్యూమినియమైతే 37 కిలోలు. ఆదా 38 కిలోలు, అంటే ఇరవై కిలోల టమాటా క్రేట్లు రెండు కూడా నిండవు. చిన్న పికప్‌కు తొట్టి ఒక్కటే మార్చడం నా లెక్కలో దండగ. ఓనరుకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి, ఊరికే వద్దనకండి.

అమెరికాలో ఫోర్డ్ కంపెనీ చేసింది వేరే స్థాయి పని. 2015 మోడల్ ఎఫ్-150లో క్యాబిన్, తొట్టి మొత్తం అల్యూమినియం చేసింది, ఛాసిస్ మాత్రం గట్టి స్టీలుతోనే ఉంచింది. బరువు 700 పౌండ్ల దాకా, అంటే సుమారు 317 కిలోల దాకా తగ్గిందని ప్రకటించింది. 2017లో పెద్ద బండ్లైన సూపర్ డ్యూటీకీ అదే బాడీ ఇచ్చి, మిగిలిన బరువులో కొంత ఛాసిస్‌ను, యాక్సిళ్లను బలం చేయడానికి వాడుకుంది. ఆ బాడీల్లో స్పాట్ వెల్డింగ్ (కరెంటుతో చుక్కలు చుక్కలుగా అతకడం) స్థానంలో రివెట్లు, జిగురు వాడారు. ఎందుకో తెలియాలంటే వేడి దగ్గరికి రావాలి.

స్టీలు సుమారు 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకు ఎంతో ముందే ఎర్రబడి మనల్ని హెచ్చరిస్తుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రంగు మారదు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక కంటైనర్ బాడీ సొట్ట తీయడానికి గ్యాస్ మంట పెట్టి, ఎప్పుడు ఎర్రబడుతుందా అని చూస్తూ ఉన్నాను. చూస్తుండగానే అరచేతి వెడల్పు రేకు కిందికి జారిపోయింది. మా మేస్త్రీ పరుగెత్తుకొచ్చి మంట ఆపి, "ఎర్రబడేదాకా చూస్తామనుకుంటివా అబ్బీ? ఇది ఎర్రబడదు, కారిపోతాది" అన్నాడు. ఆ ముక్క ఖర్చు ఆయనే పెట్టుకున్నాడు.

తర్వాత ఆయనే సబ్బు పద్ధతి నేర్పాడు. మెత్తటి సాదా అల్యూమినియం రేకు మీద సబ్బుతో గీత గీసి, వెనక నుంచి మంటను తిప్పుతూ వేడి చేయాలి. గీత నల్లబడగానే మంట తీసేయాలి, అప్పుడు రేకు సుత్తికి లొంగుతుంది. కంపెనీ నుంచి వచ్చిన గట్టి మిశ్రమ అల్యూమినియం బాడీకి మాత్రం ఇది చేయకూడదు. దానికి బలం వచ్చిందే వేడి పెట్టి గట్టిపరచడం వల్ల, మన మంటతో ఆ బలం పోతుంది. అక్కడ హీట్ గన్‌తో, కంపెనీ చెప్పిన హద్దులోనే పని.

వెల్డింగ్ కూడా తేడాయే. అల్యూమినియం మీద కంటికి కనబడని పొర ఉంటుంది. అది 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, కింద లోహమేమో 660కే కరుగుతుంది. పైగా వేడిని స్టీలుకన్నా నాలుగు రెట్లు వేగంగా లాగేసుకుంటుంది. అందుకే స్టెయిన్‌లెస్ బ్రష్‌తో పొర గీకిన వెంటనే, ఆర్గాన్ గ్యాస్‌తో అతకాలి. ఆ బ్రష్‌ను, అల్యూమినియానికి వాడే గ్రైండింగ్ చక్రాన్ని ఇనుము మీద పెట్టకండి. ఇనుప పొడి ఇరుక్కుంటే అక్కడే తినేయడం మొదలవుతుంది. ఇనుప పొడి, అల్యూమినియం పొడి ఒకే చోట పోగు పడనీయకండి, నిప్పు తగిలితే భయంకరంగా మండుతాయి.

తుప్పు విషయంలో అల్యూమినియం గొప్పదే, వానకు స్టీలులా తినుకుపోదు. తడి సిమెంటు, సున్నం మాత్రం దానికి పడవు. ఇంట్లోనే చూడొచ్చు. పనికిరాని అల్యూమినియం ముక్కను బాగా రుద్ది, దానిమీద తడి తాంబూలం సున్నం పూసి కాసేపు ఆగండి. బుడగలొస్తాయి. అది హైడ్రోజన్, దగ్గర్లో మంట పెట్టకండి, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. ఇల్లు కట్టే మేస్త్రీల సరుకు మోసే బండికి అల్యూమినియం తొట్టి వద్దని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. కుప్పం వైపు గ్రానైట్ మోసేవాళ్లకూ అదే మాట. రాయి పడితే స్టీలు సొట్టపోతుంది, సాయంత్రానికి సుత్తి, డాలీతో (రేకు వెనక ఆనించి పట్టే ఇనుప దిమ్మె) లేపేస్తాం. పల్చటి అల్యూమినియం చిరిగితే ఆ అతుకు వేయగల చేతిని వెతుక్కోవాలి.

వచ్చే పాఠానికి ఒక పని చేసి ఉంచండి. అల్యూమినియం ముక్కకు ఒక ఇనుప బోల్టు నేరుగా, ఇంకోటి రబ్బరు వాషర్ వేసి, బోల్టు కాండానికి ప్లాస్టిక్ గొట్టం తొడిగి బిగించండి. రెంటినీ ఉప్పునీళ్లతో రోజూ తడుపుతూ మూడు వారాలు బయట పెట్టండి. తర్వాత విప్పి, ఏ రంధ్రం చుట్టూ తెల్లపొడి వచ్చిందో రాసిపెట్టుకోండి. స్టీలు ఛాసిస్ మీద అల్యూమినియం తొట్టిని ఎలా కూర్చోబెట్టాలో అక్కడి నుంచే మొదలుపెడదాం.