తెర మీద ఒక రంగు, ప్రింటులో మరో రంగు

రంగు తేడా కెమెరాలో మొదలైందా, మానిటర్‌లోనా, కాగితం మీదా అన్నది తేల్చుకోకుండా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగుల స్లైడర్లు జరిపితే ఒక తప్పు మీద మరో తప్పు పేరుకుంటుంది.

సమస్య: విశాఖ ఆర్కే బీచ్‌లో సాయంత్రం తీసిన ఫొటోల్లో ముఖాలు పాలిపోయి, తెల్ల చొక్కాలు నీలిమందు ఎక్కువైనట్టు కనిపిస్తాయి.
కారణం: తీరం సముద్రం వైపు తూర్పుకు తిరిగి ఉంది కనుక, పొద్దు వాలేసరికి సూర్యుడు మేడల చాటుకు వెళ్లిపోయి, మనిషి మీద ఆకాశపు వెలుగు మాత్రమే పడుతుంది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ నీలం ఎక్కువ; నేరుటెండ సుమారు 5500 కెల్విన్ అయితే, ఇలాంటి నీడ 7000 దాటుతుంది.
పరిష్కారం: 18 శాతం గ్రే కార్డును (పడిన వెలుగులో 18 శాతాన్ని తిప్పి పంపే బూడిదరంగు అట్టను) ముఖం పక్కనే, అదే వెలుగులో పట్టించి ఒక షాట్ తీసి, దానితో కస్టమ్ వైట్ బ్యాలెన్స్ (ఆ వెలుగుకు తగ్గట్టు కెమెరా రంగుల సర్దుబాటు) పెట్టుకోవాలి, రా ఫైలైతే (కెమెరా మార్చకుండా దాచిన ముడి ఫైలైతే) తర్వాత సాఫ్ట్‌వేర్‌లోని ఐడ్రాపర్‌తో ఆ కార్డు మీద నొక్కినా సరిపోతుంది. తెల్ల చొక్కాను ఆధారం చేసుకోవద్దు; సబ్బుపొడుల్లో తెలుపు పెంచే రసాయనాలు అతినీలలోహిత కిరణాలను నీలి వెలుగుగా మారుస్తాయి. చీరల కేటలాగు తీసేవారికి గ్రే కార్డు ఒక్కటే చాలదు, 24 గళ్ల కలర్‌చెకర్ అనే రంగుల అట్టతో కెమెరా ప్రొఫైల్ (ఆ కెమెరా రంగులను సరిదిద్దే ఫైలు) కూడా చేసుకోవాలి.

సమస్య: కల్యాణ మండపంలో పెళ్లికూతురు ముఖం ఊదాగా వస్తుంది.
మండపంలోని ఊదా ఎల్‌ఈడీ దీపం లాంటి ఒకే రంగు వెలుగులో మిగతా రంగులు దాదాపు ఉండవు కనుక ఏ కార్డూ వాటిని తిరిగి తేలేదు. తలంబ్రాల వేళకైనా ఆ దీపం ఆపించడమే మార్గం.

సమస్య: తెర మీద కళకళలాడిన ఫొటో ప్రింటులో చీకటిగా, లేదా మొత్తం గులాబీ ఛాయతో వస్తుంది.
కారణం: చీకటికి కారణం చాలాసార్లు మానిటర్ వెలుగు మితిమీరి ఉండటమే. గులాబీ ఛాయ వస్తే, సాఫ్ట్‌వేర్, ప్రింటర్ డ్రైవర్ (కంప్యూటర్లో ప్రింటరును నడిపే ప్రోగ్రామ్) రెండూ రంగులు మారుస్తున్నాయేమో ముందు చూడాలి.
పరిష్కారం: మానిటర్‌ను అరగంట వెలిగించి ఉంచి, కలరీమీటర్‌ను (తెర రంగులు కొలిచే పరికరాన్ని) తెరకు ఆనించి, 6500 కెల్విన్, గామా (నడిమి ఛాయల వెలుగును నిర్ణయించే అంకె) 2.2, చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల వెలుగుకు సరిచేయాలి. తర్వాత ఆ ప్రింటరుకు, ఆ కాగితానికి చెందిన ఐసీసీ ప్రొఫైల్‌ను (ఆ జోడీలో రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైలును) సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకుని, డ్రైవర్‌లోని రంగుల నియంత్రణను ఆపేయాలి. ల్యాబ్‌కు పంపేటప్పుడు, వారు వేరే చెప్పకపోతే, ఫైలును ఎస్‌ఆర్‌జీబీ అనే సాధారణ రంగుల ప్రమాణంలోనే ఇవ్వడం క్షేమం.

సమస్య: దుకాణంలో బాగున్న ప్రింటు ఇంట్లో పసుపుపచ్చగా కనిపిస్తుంది.
ఇది ప్రింటు లోపం కాకపోవచ్చు, 2700 కెల్విన్ బల్బు పని కావచ్చు. ప్రింట్లను 5000 కెల్విన్ దీపం కింద గాని, పగలు కిటికీ దగ్గర గాని పరిశీలించాలి. అదీ ఇంక్‌జెట్ ప్రింటు పూర్తిగా ఆరాకనే. సముద్రపు తేమ గాలిలో మర్నాటిదాకా ఆగి చూడటం మేలు.