64 జీబీ పెన్‌డ్రైవ్‌లో 5 జీబీ ఫైల్ ఎందుకు పట్టదు?

ఒడిశాలోని గుణుపురం, కాశీనగరం వైపు చాలామంది బరంపురంలోనో రాయగడలోనో మంచి నెట్ దొరికిన చోట విండోస్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్‌కి కావాల్సినవన్నీ ఉన్న ఒకే పెద్ద ఫైల్) దించుకుని పెన్‌డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకుంటారు. తీరా కాపీ కొడితే, 64 జీబీ డ్రైవ్ మొత్తం ఖాళీగా ఉన్నా 'ఫైల్ ఈజ్ టూ లార్జ్' అని వస్తుంది. డ్రైవ్ పాడైందేమోనని కంగారు పడొద్దు. అది ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంది, అంతే.

ఫ్యాట్32లో ఒక్కో ఫైల్ సైజు రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంటుంది. అందులో పట్టే అతి పెద్ద అంకె 4,29,49,67,295. అంటే 4 జీబీకి ఒక్క బైట్ తక్కువ. చిన్న ఫైళ్లు ఎన్నయినా వేసుకోవచ్చు, ఒకే ఫైల్ మాత్రం ఆ గీత దాటకూడదు.

ఐఎస్ఓని ఊరికే మోసుకెళ్లడానికైతే డ్రైవ్‌ని ఆ గీత లేని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే సరిపోతుంది. ఒడియా, తెలుగు పేర్లున్న ఫైళ్లు కూడా చెడిపోకుండా వెళ్తాయి. ఫార్మాట్ చేసేముందు లోపలున్నవి వేరేచోట దాచుకోండి.

ఇన్‌స్టాల్ చేయడానికి ఈ సలహా పనికిరాదు. అప్పుడు పెన్‌డ్రైవ్‌ని చదివేది విండోస్ కాదు, మదర్‌బోర్డులోని యూఈఎఫ్ఐ, అంటే మెషిన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్. దానికి ఖాయంగా తెలిసింది ఫ్యాట్ ఒక్కటే. విండోస్ సొంత ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఉన్న డ్రైవ్ పెడితే చాలా మెషిన్లలో బూట్ మెనూలో పేరే కనిపించదు. ఫ్యాట్32 పెడదామా అంటే, ఐఎస్ఓ లోపల సోర్సెస్ ఫోల్డర్‌లో ఉండే ఇన్‌స్టాల్.విమ్ (install.wim) ఒక్కటే 4 జీబీ దాటుతోంది. చిక్కంతా ఇక్కడే.

సులువైన దారి రూఫస్, ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసే ఉచిత ప్రోగ్రామ్. ఐఎస్ఓ ఎంచుకోగానే పెద్ద ఫైల్ సంగతి అదే చూసి ఎన్‌టీఎఫ్ఎస్ పెడుతుంది. పక్కనే ఒక చిన్న ఫ్యాట్ భాగం చేసి, ఎన్‌టీఎఫ్ఎస్ చదవగలిగే డ్రైవర్‌ని అందులో ఉంచుతుంది. పార్టిషన్ల జాబితా రాసే పద్ధతిగా కొత్త మెషిన్‌కి జీపీటీ, యూఈఎఫ్ఐ లేని పాత బయాస్ మెషిన్‌కి ఎంబీఆర్ ఎంచుకోండి. నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రామ్‌లను ఆపే సెక్యూర్ బూట్ అడ్డుపడితే ముందు రూఫస్ కొత్త వెర్షన్‌తో మళ్లీ చేసి చూడండి.

రూఫస్ డ్రైవ్‌ని మెషిన్ ఒప్పుకోకపోతే ఆ ఫైల్‌ని రెండు ముక్కలు చేయాలి. ఆదేశాలు ఇక్కడ తెలుగులో ఉన్నా, టైప్ చేయాల్సింది ఇంగ్లీషు అక్షరాల్లోనే.

కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'డిస్క్‌పార్ట్', తర్వాత 'లిస్ట్ డిస్క్' కొట్టండి. ఇక్కడ తొందర అసలు వద్దు. 64 జీబీ పెన్‌డ్రైవ్ అందులో దాదాపు 58 జీబీ అని, 500 జీబీ హార్డ్ డిస్క్ 465 జీబీ అని కనిపిస్తాయి. సైజు చూసి పెన్‌డ్రైవ్ నంబర్ ఖాయం చేసుకున్నాకే 'సెలెక్ట్ డిస్క్' అని కొట్టి, పక్కన ఆ నంబర్ వేయండి. నంబర్ తప్పితే తర్వాత కొట్టే 'క్లీన్' మీ హార్డ్ డిస్క్‌లోని పార్టిషన్లన్నీ ఎగరగొట్టేస్తుంది. క్లీన్ అయ్యాక వరుసగా 'కన్వర్ట్ ఎంబీఆర్', 'క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ సైజ్=16000', 'ఫార్మాట్ ఎఫ్ఎస్=ఫ్యాట్32 క్విక్', 'అసైన్'. 16000 ఎందుకంటే, 32 జీబీ దాటిన పార్టిషన్‌కి విండోస్ మామూలుగా ఫ్యాట్32 ఇవ్వదు. ఇన్‌స్టాల్‌కి 16 జీబీ ధారాళంగా చాలు. డ్రైవ్‌కి పేరు పెడితే ఇంగ్లీషులో, 11 అక్షరాల లోపు పెట్టండి.

ఇప్పుడు ఐఎస్ఓ మీద డబుల్ క్లిక్ చేస్తే అది ఒక డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. అది ఇ అని, పెన్‌డ్రైవ్ ఎఫ్ అని అనుకుందాం. ఇన్‌స్టాల్.విమ్ తప్ప మిగతావన్నీ ఎఫ్‌లోకి కాపీ చేయండి. డిస్క్‌పార్ట్ నుంచి 'ఎగ్జిట్' అని బయటికొచ్చి ఇది ఒకే వరుసలో కొట్టండి:

డిస్మ్ /స్ప్లిట్-ఇమేజ్ /ఇమేజ్‌ఫైల్:ఇ:\సోర్సెస్\ఇన్‌స్టాల్.విమ్ /ఎస్‌డబ్ల్యూఎం‌ఫైల్:ఎఫ్:\సోర్సెస్\ఇన్‌స్టాల్.ఎస్‌డబ్ల్యూఎం /ఫైల్‌సైజ్:3800

3800 అంటే ఒక్కో ముక్క గరిష్ఠ సైజు, ఎంబీల్లో. ఇన్‌స్టాల్.ఎస్‌డబ్ల్యూఎం, ఇన్‌స్టాల్2.ఎస్‌డబ్ల్యూఎం అని తయారవుతాయి. పేర్లు మార్చొద్దు, ఆ పేర్లతోనే సెటప్ వాటిని పట్టుకుంటుంది.

ఉబుంటు లాంటి లినక్స్‌కి ఇంత తతంగం లేదు. రూఫస్‌లో డీడీ పద్ధతి ఎంచుకుంటే ఐఎస్ఓ ఉన్నదున్నట్టు డ్రైవ్ మీద పడుతుంది, పాత ఫార్మాట్‌తో పనే లేదు. ఆ తర్వాత విండోస్‌లో పెన్‌డ్రైవ్ కొద్ది ఎంబీలే ఉన్నట్టు కనిపించొచ్చు. పోయిందని పారేయకండి, డిస్క్‌పార్ట్‌లో క్లీన్ చేసి, కొత్త పార్టిషన్ పెట్టి ఫార్మాట్ చేస్తే మొత్తం తిరిగొస్తుంది.

రాసేటప్పుడు కరెంటు పోతే ఆ డ్రైవ్‌ని నమ్మొద్దు, మొదట్నుంచి చేయండి. వానాకాలంలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ కన్నా ఛార్జింగ్ నిండుగా ఉన్న లాప్‌టాప్ మీద చేసుకోవడం మేలు. వంద శాతం చూపించినా వెంటనే పీకకుండా ఎజెక్ట్ చేయండి. సంతలో '2 టీబీ' అని చవగ్గా అమ్మేవాటిలో నకిలీలు ఎక్కువ. అసలు చోటు నిండాక పడే ఫైళ్లు పాడవుతాయి, ఇన్‌స్టాల్ సగంలో ఆగుతుంది. కొన్న రోజే అసలు చోటు ఎంతో పరీక్షించే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో చివరిదాకా రాయించి చూడండి.