ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నారా? సొలిసిటర్‌కి డబ్బు కట్టేముందు ఇది అడగండి

రెడింగ్‌లో మాకు తెలిసిన ఒక జంటకు ఈ మధ్య ఇల్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ధర కుదిరింది, సర్వే అయింది, సెర్చ్‌లకు (ఇంటి మీద కౌన్సిల్ వగైరా రికార్డుల తనిఖీలకు) డబ్బు కట్టారు, పిల్లాడికి దగ్గర్లో స్కూల్ కూడా చూసుకున్నారు. తీరా మార్ట్‌గేజ్ (ఇంటి లోన్) ఆఫర్ చేతికొచ్చాక సొలిసిటర్ (ఇంటి లీగల్ పని చూసే లాయర్) ఆఫీసు నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది: ఈ లెండర్ ప్యానెల్‌లో మేం లేం. అంటే లోన్ ఇచ్చే ఆ బ్యాంకు ఒప్పుకున్న లాయర్ల జాబితాలో వాళ్ళు లేరు. కొత్తవాళ్ళను పట్టుకుని పని మళ్ళీ మొదలుపెట్టేసరికి అమ్మేవాళ్ళకు ఓపిక నశించి ఇల్లు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. సర్వే ఖర్చు, సెర్చ్‌ల డబ్బు, సగం పనికి ఫీజు అన్నీ నీళ్ళపాలు.

సెప్టెంబర్‌లో స్కూళ్ళు తెరిచేలోపు ఇల్లు మారాలని ఏటా చాలామంది తొందరపడతారు. ఫీజులు పోల్చుకోండి, రివ్యూలు చదవండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. ఇంకోటి, ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లండ్ పద్ధతి వేరు. కింద చెప్పే స్టాంప్ డ్యూటీ లెక్కలు మాత్రం వేల్స్‌కి వర్తించవు.

ప్యానెల్ ఎందుకు

హైదరాబాద్‌లో హోమ్ లోన్‌కి వెళ్తే బ్యాంకు తన లాయర్ చేత లీగల్ ఒపీనియన్ రాయించుకుంటుంది. మనకు కావాలంటే మన లాయర్‌ని మనం పెట్టుకుంటాం. ఇక్కడ మామూలుగా ఒకే సొలిసిటర్ మీకూ లెండర్‌కీ కలిపి పనిచేస్తారు. లోన్ డబ్బు మీ ఖాతాలోకి రాదు, నేరుగా సొలిసిటర్ క్లయింట్ అకౌంట్‌లో (క్లయింట్ల డబ్బు ఉంచే ఖాతాలో) పడుతుంది. లక్షల పౌండ్లు ముక్కూమొహం తెలియని ఆఫీసుకు పంపడం ఏ లెండర్‌కీ ఇష్టం ఉండదు. అందుకే ప్రతి లెండర్ తనకు సమ్మతమైన ఫర్మ్‌ల జాబితా పెట్టుకుంటుంది, అదే ప్యానెల్. చాలా లెండర్లు లా సొసైటీ (సొలిసిటర్ల సంఘం) వారి కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు అడుగుతాయి. కన్వేయన్సింగ్ అంటే ఇల్లు చేతులు మారే లీగల్ పని. ఒక్క లాయరే నడిపే చిన్న ఆఫీసులను కొన్ని అసలు చేర్చుకోవు.

ఆ జాబితా రాతిమీద చెక్కింది కాదు. 2012లో హెచ్‌ఎస్‌బీసీ తన ప్యానెల్‌ని ఒక్కసారిగా 43 ఫర్మ్‌లకు కుదించింది. కేసులు తక్కువగా వస్తున్నాయని లెండర్లు ఫర్మ్‌లను తీసేయడం కూడా మామూలే. పోయినేడాది మీ కొలీగ్ లోన్ పని చేసినవాళ్ళు ఈ ఏడాది అదే బ్యాంకు జాబితాలో ఉండకపోవచ్చు.

అడిగే పద్ధతి

"మీరు బ్యాంకుల ప్యానెల్‌లో ఉన్నారా?" అని ఫోన్‌లో అడుగుతాం. "చాలావాటిలో ఉన్నాం" అంటారు. అందులో అబద్ధం లేదు, కానీ అది మీ ప్రశ్నకు జవాబు కాదు. నేను చూసినంతలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది ఈ "చాలావాటిలో" అన్న మాట దగ్గరే ఆగిపోయారు.

మెయిల్ పెట్టండి. అందులో లెండర్ పూర్తి పేరు రాయండి. ఒకే గ్రూపులో రెండుమూడు బ్రాండ్లు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ప్యానెల్ ఉండొచ్చు. కాబట్టి మార్ట్‌గేజ్ పేపర్ల మీద ఉన్న పేరే రాయాలి. ఇల్లు ఫ్రీహోల్డా (నేలతో సహా మీదే), లీజ్‌హోల్డా (కొన్నేళ్ళ లీజు మాత్రమే మీది), కొత్త కట్టడమా కూడా చెప్పండి. "ఈ లెండర్‌కి, ఇలాంటి ఇంటికి, ఈ రోజుకి మీ ఆఫీసు ప్యానెల్‌లో ఉందా?" అని అడిగి, ఉందని రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ తర్వాత అదే ప్రశ్న లెండర్‌ని గానీ బ్రోకర్‌ని గానీ అడగండి. కొన్ని లెండర్ల వెబ్‌సైట్లలో ఫర్మ్ పేరు కొట్టి మీరే చూసుకోవచ్చు. ఫర్మ్ పేరూ బ్రాంచీ రెండూ సరిపోవాలి.

అసలు గొయ్యి ఇంకా ముందుంది. మొదట్లో అన్నీ సరిగ్గా అడిగినవాళ్ళు కూడా మధ్యలో పడతారు. రేటు తగ్గిందని బ్రోకర్ ఇంకో లెండర్‌కి మారుస్తాడు, నెలకు నలభై పౌండ్లు మిగులుతాయని మనం సంబరపడతాం. సొలిసిటర్‌కి ఆ మాట ఎవరూ చెప్పరు. రెడింగ్‌లో జరిగింది సరిగ్గా ఇదే. లెండర్ మారితే ప్యానెల్ మారుతుంది. బ్రోకర్ నోట "వేరే లెండర్" అన్న మాట రాగానే, కొత్త అప్లికేషన్‌కి సరే అనకముందే, ఆ మెయిల్ మళ్ళీ పెట్టండి.

ఇరుక్కుపోతే దారులు రెండు. సొలిసిటర్‌ని మార్చుకోవాలి, లేదా లెండర్ తన తరఫున వేరే సొలిసిటర్‌ని పెట్టుకుంటే ఆ ఫీజు కూడా మీరే భరించాలి. రెండో దారికి కొన్ని లెండర్లు ఒప్పుకోవు. ఒప్పుకున్నా ఇద్దరు లాయర్ల మధ్య ఉత్తరాలతో వారాలు గడిచిపోతాయి. ఆలస్యానికి ధర ఎంతో కావాలంటే 2025 మార్చి గుర్తు చేసుకోండి. ఏప్రిల్ 1 నుంచి మొదటిసారి కొనేవాళ్ళకు స్టాంప్ డ్యూటీ లేని పరిమితి 4,25,000 పౌండ్ల నుంచి 3,00,000కి దిగింది. 4,25,000 పౌండ్ల ఇంటికి మార్చి 31లోపు కంప్లీషన్ (డబ్బు చెల్లించి ఇల్లు చేతికి తీసుకోవడం) అయినవాళ్ళు సున్నా కట్టారు, మర్నాడు అయినవాళ్ళు 6,250 పౌండ్లు కట్టారు.

ఇక మిగతావి

- వీసా పని చేసిపెట్టిన మన తెలుగాయననే ఇంటికీ పెట్టుకోవద్దు, కన్వేయన్సింగ్ ఆయన రోజూ చేసే పని అయితే తప్ప. మంచివాడు కావడం వేరు, మీ లెండర్ ప్యానెల్‌లో ఉండడం వేరు.

- బిల్డర్ సూచించిన సొలిసిటర్ మామూలుగా ప్యానెల్‌లో ఉంటారు, ఆ చింత అంతగా ఉండదు. అదే ఎర. పదేళ్ళకోసారి రెట్టింపయ్యే గ్రౌండ్ రెంట్ (ఫ్రీహోల్డ్ యజమానికి కట్టే నేల అద్దె) లీజుల మీద సంతకాలు పెట్టి ఇరుక్కున్నవాళ్ళలో చాలామంది బిల్డర్ చూపించిన సొలిసిటర్ దగ్గరకే వెళ్ళారు. 2022 జూన్ 30 నుంచి రాసిన కొత్త లీజుల్లో ఆ బెడద దాదాపు పోయింది. పాత లీజు ఉన్న ఫ్లాట్ కొంటుంటే ఆ పేజీ మీరే చదవండి.

- ఎత్తైన బిల్డింగ్‌లో ఫ్లాట్ అయితే, బిల్డింగ్ సేఫ్టీ చట్టం (భవనాల భద్రతా లోపాల గురించిన చట్టం) కిందకు వచ్చే కేసులు తీసుకుంటారా అని ముందే అడగండి. ప్యానెల్‌లో ఉండి కూడా ఇవి వద్దనే ఆఫీసులున్నాయి.

- ప్యానెల్‌లో ఉన్నారు కదా అని డబ్బు భద్రం అనుకోవద్దు. 2023 అక్టోబర్‌లో ఆక్సియమ్ ఇన్స్ అనే పెద్ద ఫర్మ్‌ని సొలిసిటర్ల నియంత్రణ సంస్థ మూయించినప్పుడు 6 కోట్ల పౌండ్లకు పైగా క్లయింట్ల డబ్బు లెక్క తేలలేదు. అవసరం కంటే ముందు పెద్ద మొత్తాలు పంపి అక్కడ ఉంచకండి.

- నాన్నగారు పంపిన డబ్బును మీ పొదుపని రాయొద్దు. సొలిసిటర్ లెండర్‌కి కూడా పనిచేస్తున్నారు, ఆ సంగతి లెండర్‌కి చెప్పక తప్పదు. గిఫ్ట్ లెటర్, నాన్నగారి బ్యాంకు స్టేట్‌మెంట్లు, పొలం అమ్మితే సేల్ డీడ్, దాని ఇంగ్లీషు అనువాదం ముందే తయారుగా పెట్టుకోండి. ఇండియా నుంచి ఒక్కో మనిషి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకే పంపగలరు.

- హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉంటే చెప్పండి. ప్రపంచంలో ఎక్కడైనా మీకు ఇల్లు ఉంటే, వారసత్వంగా వచ్చిందైనా సరే, ఇక్కడ మీరు మొదటిసారి కొనేవాళ్ళు కారు. మీ వాటా విలువ 40,000 పౌండ్లు గానీ అంతకు మించి గానీ ఉంటే మామూలుగా 5 శాతం అదనపు స్టాంప్ డ్యూటీ కూడా పడుతుంది. 4,00,000 పౌండ్ల ఇంటికి అది 20,000. పొలం, ఖాళీ ప్లాటు లెక్కలోకి రావు. ఫారంలో "వేరే ఇల్లు లేదు" అని టిక్ పెట్టేది మీరు, పెనాల్టీ కట్టేదీ మీరే.

- బ్యాంకు వివరాలు మారాయని మెయిల్ వస్తే డబ్బు పంపకండి. శుక్రవారం మధ్యాహ్నం వస్తే అసలే పంపకండి. మొదటిరోజు రాసిపెట్టుకున్న నంబరుకు మీరే ఫోన్ చేయండి, మెయిల్‌లో ఉన్న నంబరుకు కాదు. మోసపోయినవాళ్ళకు బ్యాంకులు తిరిగి చెల్లించాలన్న నిబంధన 2024 అక్టోబర్‌లో వచ్చింది గానీ, అది 85,000 పౌండ్ల వరకే.

- మార్ట్‌గేజ్ ఆఫర్ గడువు తేదీ ఫ్రిజ్ మీద అంటించండి. గడువు దాటి లెండర్ మారితే ప్యానెల్ మెయిల్ మళ్ళీ పెట్టాల్సిందే.

- లీజ్‌హోల్డ్ ప్యాక్ (లీజు, ఫ్లాట్ చార్జీల వివరాల పత్రాలు) రాకుండా ఎక్స్‌ఛేంజ్‌కి (సంతకాలైన ఒప్పందాలు మార్చుకుని కట్టుబడే దశకు) ఒప్పుకోవద్దు.

- ఎక్స్‌ఛేంజ్ అయ్యాక వెనక్కి తగ్గితే డిపాజిట్ పోతుంది, అది మామూలుగా ధరలో 10 శాతం. ఆ రోజు పొద్దున్న సొలిసిటర్‌కి ఫోన్ చేసి లెండర్ పేరు, ప్యానెల్, ఆఫర్ గడువు మూడూ చివరిసారి చెప్పించుకోండి.

- బిల్డింగ్ ఇన్సూరెన్స్ తాళాలు చేతికొచ్చిన రోజు నుంచి కాదు, ఎక్స్‌ఛేంజ్ రోజు నుంచే తీసుకోండి. ఫ్లాట్ అయితే ఫ్రీహోల్డర్ పాలసీ కాపీ అడగండి.