క్వీన్స్ యూదు శ్మశానాలు: స్వయంబోధిని – మూడో పాఠం: రాయి మీది తేదీ, పేరు

రెండో పాఠం వరకూ మనం కాగితాల దగ్గరే ఉన్నాం. న్యూయార్క్ నగరంలో 1949కి ముందు చనిపోయినవారి డెత్ సర్టిఫికెట్లు మునిసిపల్ ఆర్కైవ్స్‌లో ఉంటాయని, ఏ శ్మశానంలో పాతిపెట్టారో వాటిలోనే రాసి ఉంటుందని చూశాం. ఆ పేరు పట్టుకుని మౌంట్ హెబ్రన్, మౌంట్ జయాన్ లాంటి శ్మశానాల సొంత వెబ్ జాబితాల్లో వెతికితే సమాధి ఏ బ్లాకులో ఉందో తెలిసిపోతుంది. ఈసారి గేటు దాటి లోపలికి పోదాం. రాయి ముందు నిలబడి చదవడమే ఈ పాఠం పని. కడగడం తర్వాతి పాఠంలో. ఈ వరస కావాలనే పెట్టాను. చదవకుండా, ఫొటో తీయకుండా ముందు బ్రష్షు అందుకునేవాళ్ళు రాయికి చేసే హాని అంతా ఇంతా కాదు, అదీ మంచి మనసుతోనే చేస్తారు.

కొత్తగా చేరినవారికి రెండు ముక్కలు. మన్‌హాటన్‌లో చాటమ్ స్క్వేర్ పక్కన షియరిత్ ఇజ్రాయెల్ సమాజం వారి చిన్న శ్మశానంలో 1683 నాటి రాయి ఉంది. ఆ ద్వీపంలో జాగా ఇరుకైపోయింది. 1847లో శ్మశానాల స్థాపన మీద రాష్ట్రం చట్టం తెచ్చింది, 1851లో నగరం 86వ వీధికి దిగువన ఖననాలు ఆపేసింది. దాంతో శ్మశానాలు నది దాటి క్వీన్స్, బ్రూక్లిన్ వైపు వచ్చేశాయి. 1880ల నుంచి 1924 దాకా తూర్పు యూరప్ నుంచి ఓడలెక్కి వచ్చిన లక్షలాది యూదుల్లో ఎందరో ఇక్కడే ఉన్నారు. ఒక్క మౌంట్ జయాన్‌లోనే రెండు లక్షలకు పైగా సమాధులు. మౌంట్ హెబ్రన్ కూడా ఆ లెక్కే. ఫ్లషింగ్‌లో గణేశుడి గుడికి వెళ్ళే తెలుగువాళ్ళకి ఈ రెండోది ఏమంత దూరం కాదు. శనివారం మాత్రం పోకండి, గేటు మూసి ఉంటుంది.

ఇక రాయి. పైన రెండు హీబ్రూ (యూదుల ప్రార్థనల భాష) అక్షరాలు విడిగా కనిపిస్తాయి: పే, నూన్. 'ఇక్కడ పాతిపెట్టబడినవారు' అన్న మాటలకు పొడి అక్షరాలు అవి. అడుగున ఐదు అక్షరాల వరస ఉంటుంది: తావ్, నూన్, త్సాది, బేత్, హే. 'ఈ ప్రాణం జీవపు మూటలో చేరుగాక' అన్న ప్రార్థన. ఈ రెండూ దాదాపు ప్రతి రాయి మీదా ఉంటాయి కనుక వీటిని మీ పట్టికలో ఎక్కించడానికి తంటాలు పడొద్దు. మనకు కావలసిందంతా వీటి మధ్యలో ఉంటుంది. చదివేది కుడి నుంచి ఎడమకి.

రాళ్ళ మీది హీబ్రూ తేదీల్లో అంకెలుండవు, అక్షరాలకే విలువలు. అలెఫ్ 1, బేత్ 2, గిమెల్ 3, దాలెత్ 4, హే 5, వావ్ 6, జాయిన్ 7, ఖేత్ 8, తేత్ 9. తర్వాత పదులు: యోద్ 10, కాఫ్ 20, లామెద్ 30, మేమ్ 40, నూన్ 50, సామెఖ్ 60, అయిన్ 70, పే 80, త్సాది 90. చివర వందలు: కోఫ్ 100, రేష్ 200, షిన్ 300, తావ్ 400. ఎక్కడైనా ఒక అక్షరాల పటం సంపాదించి జేబులో పెట్టుకోండి. సంఖ్య రాయాలంటే పెద్ద విలువ ముందు, చిన్నది తర్వాత. ఆఖరి అక్షరానికి ముందు పైన రెండు చిన్న గీతలుంటే అది సంఖ్యో పొడి అక్షరాలో అయివుంటుంది, మామూలు మాట కాదు. ఒక మినహాయింపు గుర్తుంచుకోండి: 15ని 10+5 అని రాయరు, 9+6 అని తేత్–వావ్ రాస్తారు. 16ని తేత్–జాయిన్ అంటారు. మామూలుగా రాస్తే దేవుడి నామంలోని అక్షరాలు పడతాయని.

సంవత్సరం దగ్గర వేల స్థానం వదిలేస్తారు. 5671 అని కాక 671 అని మాత్రమే చెక్కుతారు. దానికి 1240 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం. ఉదాహరణకు ఒక చరిత్రకెక్కిన రోజు తీసుకుందాం. 1911 మార్చి 25, శనివారం సాయంత్రం మన్‌హాటన్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు, ఎక్కువమంది యూదు, ఇటాలియన్ ఆడపిల్లలు. వారిలో చాలామంది మౌంట్ జయాన్‌లో ఉన్నారు. ఆ రోజు హీబ్రూ తేదీ ఇలా రాస్తారు: కాఫ్–హే, అదార్, తావ్–రేష్–అయిన్–అలెఫ్. కాఫ్ 20, హే 5, అంటే 25వ రోజు. అదార్ నెల పేరు. 400, 200, 70, 1 కలిపితే 671. దానికి 1240 కలిపితే 1911. రెండు పంచాంగాల్లోనూ 25 పడటం కేవలం యాదృచ్ఛికం, దాన్ని సూత్రమనుకోకండి.

మన పంచాంగం తెలిసినవారికి ఈ లెక్క సులువుగా పట్టుబడుతుంది. వాళ్ళ నెల కూడా తెలుగువాళ్ళ నెలలాగే అమావాస్య తర్వాత మొదలవుతుంది, 15వ రోజు అటూఇటూ పౌర్ణమి. అదార్ 25 అంటే కృష్ణపక్షం సగం దాటిందన్నమాట. నిజంగానే ఆ మంటలు రేగింది ఫాల్గుణ బహుళంలో, ఆ ఏటి ఉగాదికి వారం ముందు. మనం ఆబ్దికం తిథిని బట్టి పెట్టినట్టే వాళ్ళు కూడా ఏటా స్మరణ దినాన్ని హీబ్రూ తేదీని బట్టే పాటిస్తారు. రాయి మీద ఆ తేదీ అంత శ్రద్ధగా చెక్కడానికి కారణం అదే. అధికమాసం కూడా ఉంది: 19 ఏళ్ళలో 7 సార్లు. అయితే మనకు అధికం వేర్వేరు నెలలకు రావచ్చు, వాళ్ళకి ఎప్పుడూ అదార్‌కే. రాయి మీద ఉత్త 'అదార్' అని ఉంటే అది అధికమాసపు ఏడాదో కాదో తేల్చుకోండి. పూర్తి సంవత్సరాన్ని 19తో భాగిస్తే శేషం 0, 3, 6, 8, 11, 14, 17లో ఏదైనా వస్తే రెండు అదార్‌లు. 5671కి శేషం 9, కాబట్టి ఆ ఏడు ఒక్కటే అదార్.

రెండు చోట్ల లెక్క జారుతుంది. హీబ్రూ సంవత్సరం తిష్రీ నెలతో, అంటే సెప్టెంబరు–అక్టోబరు ప్రాంతంలో మారుతుంది. అందుచేత నెల తిష్రీ, హెష్వాన్, కిస్లేవ్‌లలో ఒకటైతే 1240 కాదు, 1239 కలపాలి. తేవేత్ నెల డిసెంబరు, జనవరిల మధ్య వేలాడుతుంది కనుక దాన్ని చేత్తో లెక్కపెట్టొద్దు. స్టీఫెన్ మోర్స్ 'వన్–స్టెప్' వెబ్ పేజీల్లో తేదీ మార్చే సాధనం ఉంది, అందులో వేసి చూసుకోండి. రెండోది సూర్యాస్తమయం. మనకు తిథి లెక్కకు సూర్యోదయం ముఖ్యం, వాళ్ళకి పొద్దు గుంకగానే కొత్త రోజు. ట్రయాంగిల్ మంటలు సాయంత్రం నాలుగున్నర దాటాక మొదలయ్యాయి. అప్పుడే పోయినవారిది అదార్ 25. చీకటి పడ్డాక ఆసుపత్రిలో ఎవరైనా కన్నుమూసి ఉంటే ఇంగ్లీషులో అదే మార్చి 25, హీబ్రూలో మాత్రం 26. కాబట్టి రాయి మీద రెండు తేదీలకూ ఒక్కరోజు తేడా కనిపిస్తే చెక్కినవాడు తప్పు చేశాడని తేల్చేయకండి. రెంటినీ ఉన్నవున్నట్టు రాసుకోండి. రాత్రి పూట పోయారన్న కబురు ఆ తేడాలోనే దొరుకుతుంది.

ఇప్పుడు అసలు కష్టం: అరిగిపోయిన అక్షరాలు. దాలెత్, రేష్ రెండింటికీ పైన చూరు, కుడివైపు కాలు. దాలెత్ మూల పదునుగా బయటికి పొడుచుకొస్తుంది, రేష్ మూల గుండ్రం. హే, ఖేత్, తావ్ మూడూ గుమ్మం ఆకారాలే. హేలో ఎడమ కాలు చూరును తాకదు, ఖేత్‌లో తాకుతుంది, తావ్‌లో ఆ కాలి కింద పాదం బయటికి తిరిగి ఉంటుంది. బేత్, కాఫ్‌లకు కూడా మూల పదునే తేడా. వానకు నానిన పాలరాయి మీద ఇవేవీ కనబడవు. అప్పుడు కంటిని నమ్మకుండా స్థానాన్ని నమ్మాలి. 1839 శరత్తు నుంచి 1939 శరత్తు దాకా ప్రతి హీబ్రూ సంవత్సరం తావ్–రేష్‌తోనే మొదలవుతుంది, ఆ తర్వాతి వందేళ్ళూ తావ్–షిన్‌తో. వలస కాలపు రాయి మీద తావ్ పక్కన దాలెత్‌లాంటిది కనబడితే అది రేషే, ఇంకోటి అయ్యే వీల్లేదు. రోజు సంఖ్య 30 దాటదు కనుక మొదటి అక్షరం కాఫ్ అయితే రెండోది 9 లోపు. మిగిలిన చిక్కల్లా ఆఖరి అక్షరం హేనా (5) ఖేతా (8) అన్నదే. దానికి ఇంగ్లీషు భాగమో డెత్ సర్టిఫికెట్టో చూడాల్సిందే. ఏదీ దొరక్కపోతే రెండు అవకాశాలూ రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఊహించి పూరించిన అక్షరం కంటే ఖాళీ మేలు.

ఒక వింత కూడా చెప్పాలి. 5698ని, అంటే 1937–38ని, వరసగా రాస్తే తావ్–రేష్–త్సాది–ఖేత్ వస్తుంది. ఆ నాలుగూ కలిపి చదివితే 'హత్య చేస్తావు' అన్న అర్థం పడుతుంది. అందుకని చివరి రెంటినీ తిప్పి ఖేత్–త్సాది అని చెక్కుతారు. సమాధి మీద ఆ మాట పెట్టడం ఎవరికిష్టం?

పేరుకి వద్దాం. ఇంగ్లీషు భాగంలో ఇంటిపేరు ఉంటుంది, హీబ్రూ భాగంలో తరచుగా అది ఉండదు. దాని బదులు తండ్రి పేరు ఉంటుంది: 'ఫలానా బెన్ ఫలానా', ఆడవారికి 'బత్'. అమెరికాలో మోరిస్ అయిన మనిషి ఇక్కడ మోషే. ఓడ జాబితాలో ఎక్కడా దొరకని తండ్రి పేరు ఈ ఒక్క వరసలో దొరుకుతుంది, అందుకే ఇది రాయిలో అన్నింటికంటే విలువైన వరస. చాలా రాళ్ళ మీద 'బెన్' బదులు బేత్–రేష్ అని రెండక్షరాలే ఉంటాయి. అది 'బెన్ రెబ్'. ఈ 'రెబ్' మన 'గారు' లాంటిది. దాన్ని 'రబ్బీ' అనుకుని మా తాతగారు మతగురువని ఊరంతా చెప్పుకున్న కుటుంబాలున్నాయి. మీరు ఎక్కించే పట్టికలో 'రబ్బీ' అని రాసే ముందు ఇంకోసారి చూడండి.

బొమ్మల సంగతి క్లుప్తంగా: విచ్చుకున్న రెండు చేతులు కోహెన్ (పురోహిత) వంశానికి, కూజా లేవీ (ఆలయ సేవకుల) వంశానికి, నరికిన చెట్టు మొద్దు చిన్న వయసులో పోయినవారికి, కొవ్వొత్తులు ఎక్కువగా ఆడవారికి. కోహెన్‌లు శ్మశానంలోకి రాకూడదన్న నియమం ఉంది కనుక వారి కుటుంబాల సమాధులు తరచు దారి అంచున ఉంటాయి, బయట నిలబడి చూసుకునేందుకు.

ఫొటోలు తీసే వరస ముఖ్యం. మొదటిది రాయిది కాదు, ఆ భాగపు ద్వారానిది. ఒకే ఊరు నుంచి వలస వచ్చినవారు సంఘం పెట్టుకుని, శ్మశానంలో ముక్క కొని, రాతి స్తంభాల మీద ఊరి పేరు, సంఘం పేరు, పెద్దల పేర్లు చెక్కించేవారు. వీటిని లాండ్స్‌మన్‌షాఫ్ట్‌లు అంటారు. ఈ సంఘాల్లో చాలావరకు ఎప్పుడో మూతపడ్డాయి, ఆ ముక్కల బాగోగులు చూసే దిక్కులేకుండా పోయింది. ఓజోన్ పార్క్‌లోని బేసైడ్ శ్మశానం ఏళ్ళ తరబడి తీగలూ చెట్లూ కమ్మేసి ఉంటే స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చి నరికి బాట చేయాల్సి వచ్చింది. సంఘం పోయినా ద్వారం మీది ఊరి పేరు మిగిలింది. కుటుంబం ఏ ఊరిదో చెప్పే ఆధారం చాలాసార్లు అదొక్కటే. ద్వారం తర్వాత వరస, తర్వాత రాయి మొత్తం, తర్వాత ఒక్కో పంక్తి దగ్గరగా, ఆఖరున వెనకవైపు. వెనకవైపు ఒక్కోసారి ఇంటిపేరు ఉంటుంది, చాలామంది మర్చిపోతారు.

అక్షరాలు కనబడకపోతే వెలుతురు మార్చండి, రాయిని కాదు. పక్కనుంచి ఏటవాలుగా పడే ఎండలో చెక్కడం లేచి కనబడుతుంది. రాయి నీడలో ఉంటే ఒక పెద్ద అద్దం పట్టుకుని వెలుగును అడ్డంగా కొట్టండి. సుద్దపొడి, పిండి, షేవింగ్ క్రీమ్ రుద్దడం ఇంటర్నెట్టులో చూసి ఉంటారు, వాటి జోలికి పోవద్దు. సుద్ద రాతి రంధ్రాల్లో చిక్కుకుంటుంది, క్రీమ్‌లోని ఆమ్లం పాలరాతిని తింటుంది. కొన్ని రాళ్ళ మీద పింగాణీ ఫొటో, దాని మీద లోహపు మూత ఉంటాయి. మూత బిగుసుకుపోయి ఉంటే లాగొద్దు. రాయి నెత్తిన గులకరాళ్ళు కనబడితే చెత్త అనుకుని తీసేయకండి, చూడ్డానికొచ్చినవాళ్ళు పెట్టిపోయినవి అవి.

న్యూయార్క్ వెళ్ళలేనివారికి కూడా పని ఉంది. జ్యూయిష్‌జెన్ సంస్థ ప్రపంచవ్యాప్త సమాధుల జాబితాకు ఫొటోలు చూసి ఎక్కించేవాళ్ళు కావాలి. గుంటూరులో కూర్చుని చేయొచ్చు.

అభ్యాసం. ముగ్గురి మరణ తేదీలు హీబ్రూలో ఇస్తున్నాను, ముగ్గురూ ఈ చుట్టుపక్కల శ్మశానాల్లోనే ఉన్నారు. సంవత్సరం మీరే లెక్కకట్టండి, నెలను పైన చెప్పిన మోర్స్ సాధనంలో వేసి చూసుకోండి. మాంత్రికుడు హౌడినీ, మక్పేలా శ్మశానం: కాఫ్–గిమెల్ హెష్వాన్, తావ్–రేష్–పే–జాయిన్. స్వేచ్ఛా ప్రతిమ పీఠం మీది పద్యం రాసిన ఎమ్మా లాజరస్, బేత్ ఓలామ్ శ్మశానం: కిస్లేవ్ నెల, తావ్–రేష్–మేమ్–ఖేత్. యిద్దిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) రచయిత షోలెమ్ అలైఖెమ్, ఓల్డ్ మౌంట్ కార్మెల్: యోద్ ఇయ్యార్, తావ్–రేష్–అయిన్–వావ్.

జవాబులు. హౌడినీ: 687కి 1239 కలిపితే 1926, తేదీ అక్టోబరు 31. 1240 కలిపినవారికి 1927 వచ్చి ఉంటుంది, పైన తిష్రీ గురించి రాసింది మళ్ళీ చదవండి. ఎమ్మా లాజరస్: 648కి 1239, అంటే 1887, నవంబరు 19. షోలెమ్ అలైఖెమ్: ఇయ్యార్ వసంతంలో వస్తుంది కనుక 676కి 1240, అంటే 1916, మే 13. అయితే ఆయన సమాధి మీది ఇంగ్లీషు తేదీ 13 కాదు, '12ఎ'. 13 అంకె అంటే ఆయనకు పడదు, రాతప్రతుల్లో ఆ పేజీకి కూడా 12ఎ అనే వేసేవాడు. మీ పట్టికలో 'రాయి మీద ఉన్నది' అన్న గడిలో 12ఎ, 'మరణ తేదీ' గడిలో 13 వేయండి.