లక్క పాటలు, యుద్ధపు లెక్కలు: రెండూ కలిపి ఆస్వాదించడం ఎలా

రెండో ప్రపంచ యుద్ధపు ఆర్థిక చరిత్ర పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. ఓడలు, ఉక్కు లెక్కల దగ్గరే చాలామంది మూసేస్తారు. చివర ఉండే పదసూచిక తీసి బియ్యం, బర్మా, రేషన్ ఏ పేజీల్లో ఉన్నాయో చూసి అక్కడ తెరవండి. గోదావరి జిల్లాలవాళ్లకు అదే సొంత గుమ్మం. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది, బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖల మీద బాంబులు పడ్డాయి. అప్పటిదాకా రంగూన్ వెళ్లి బతికిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు మన కోరంగి రేవు పేరుతో 'కోరంగీలు' అనే పిలిచేవారు. ఇది తెలిసి చదివితే పట్టికలో దిగుమతి గడి ఖాళీ కావడం వెనక మనుషులు కనిపిస్తారు.

పాటలకు ఈ యుద్ధంతో చుట్టరికం లక్క వల్ల. 78 స్పీడు (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డుకు ముడిసరుకు లక్క, అందులో మన దేశానిది పెద్ద వాటా. 1942లో అమెరికా లక్క వాడకానికి కోత పెట్టింది. కంపెనీలు పాత రికార్డులు వెనక్కి తీసుకుని, పొడి చేసి, మళ్లీ కరిగించి పోశాయి. ఆనాటి రికార్డుల్లో గరగర ఎక్కువ వినిపిస్తే ఆ కలగలుపు సరుకూ ఒక కారణం కావచ్చు, అరుగుదలే అనుకోనక్కర్లేదు. లక్కకు బదులు వినైల్ ప్లాస్టిక్‌తో చేసిన లాంగ్ ప్లే రికార్డు 1948లో వచ్చింది. కాబట్టి ముందు 1940ల లక్క రికార్డు ప్లేటు ఒకటి, తర్వాత 60ల, 70ల పాటల ఆల్బమ్ వినండి. కొరత కాలపు శబ్దానికీ ఆ తర్వాతి శబ్దానికీ తేడా చెవికే తెలుస్తుంది.

చదివేటప్పుడు పక్కన రూళ్ల నోటుబుక్కు తప్పనిసరి. ఎక్కువమంది బోల్తాపడేది కొలతల దగ్గరే. మద్రాసు మణుగు అంటే 8 వీశలు, 25 పౌండ్లు, సుమారు 11.3 కిలోలు. బెంగాల్ మణుగు 37.3 కిలోలు. మణుగు ధర అని రెండు చోట్లా ఒకే మాట ఉంటుంది కదా అని కలకత్తా ధరను మన ధర పక్కన పెట్టారో, లెక్క మూడు రెట్లకు పైగా తప్పుతుంది. డబ్బు సంగతీ అంతే. అప్పటి మారకం రూపాయికి 1 షిల్లింగు 6 పెన్నీలు, అంటే పౌనుకు 13 రూపాయల 5 అణాల 4 పైలు. యుద్ధం ముగిసేసరికి బ్రిటన్ మనకు పడ్డ బాకీ సుమారు 130 కోట్ల పౌన్లు అని చదివితే 13.33తో గుణించండి, 1,733 కోట్ల రూపాయలు వస్తుంది. పాత బ్రిటిష్ పుస్తకాల్లో బిలియన్ అంటే లక్ష కోట్లు, అమెరికా పుస్తకాల్లో 100 కోట్లు. పుస్తకం ఎక్కడ అచ్చయిందో చూసి గానీ ఆ అంకె రాసుకోకండి.

ధరల సూచీలకు చాలా చోట్ల 1939 ఆగస్టును 100గా పెట్టుకున్నారు. సూచీ 240 అంటే ధర 140 శాతం పెరిగినట్టు, 240 శాతం కాదు. పైగా సర్కారు ఖరారు చేసిన కంట్రోలు ధరతో కట్టిన సూచీలో బ్లాకు ధర కనిపించదు. అందుకే అంకెను ఎప్పుడూ కాస్త తక్కువగా చెబుతున్న సాక్షిలా చూడాలి. 1943 బెంగాల్ కరువు మృతులను 1945 నాటి విచారణ సంఘం 15 లక్షలుగా కట్టింది, తర్వాతి అంచనాలు 30 లక్షల దాకా వెళ్లాయి. ఇలాంటిచోట ఒక్క పుస్తకంతో ఆగకూడదు. పాత పుస్తకాలకు రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం మంచి చోటు.

ఇంట్లో పాత డబ్బా అడుగున చిల్లు కానీ, అంటే నడుమ చిల్లున్న పాత నాణెం, ఉందేమో వెతకండి. 1943 నుంచి 1947 దాకా రాగి ఆదా చేయడానికి మధ్యలో అంత పెద్ద చిల్లు పెట్టి కొట్టారు. దాన్ని చేతిలో పట్టుకుని లోహాల కొరత అధ్యాయం చదవండి, ఏ పట్టికా అంత బాగా చెప్పదు.

పాత సామాన్ల కొట్లో ప్లేటు కొనేటప్పుడు అంచు పట్టుకుని వేలి కణుపుతో మెల్లగా తట్టండి. గణగణమంటే బాగున్నట్టు, మొద్దుగా పలికితే ఎక్కడో బీటుంది. కీ ఇచ్చే గ్రామఫోన్‌కు స్టీలు ముల్లు ప్లేటు ఒక్కో పక్కకు ఒకటి చొప్పున మార్చాలి, ఆ ముల్లు లాంగ్ ప్లే మీద పెడితే గాడి చెరిగిపోతుంది. ఎలక్ట్రిక్ ప్లేయర్ అయితే 78కి వెడల్పాటి స్టైలస్ (ప్లేయర్ ముల్లు), సుమారు 75 మైక్రాన్లది కావాలి. లాంగ్ ప్లే స్టైలస్ సన్నగా ఉండి గాడి అడుగున దుమ్ములో దొర్లుతుంది.

కడిగేటప్పుడు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల గిన్నెల సబ్బు నీళ్లు చాలు. లేబులు తడపకుండా మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా తోమి, మంచినీటితో కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టండి. లక్క ప్లేటుకు స్పిరిట్ అసలు తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది.

వినడానికి ఒక పద్ధతి: ప్లేటుకు ఒక పక్క మూడు నిమిషాలే. ఒక ఉపశీర్షిక చదవండి, ఒక పక్క వినండి. పట్టికలు చూసేటప్పుడు మాత్రం పాట ఆపండి, మాటలు అంకెల్లో కలిసిపోతాయి.

మన గాలిలో తేమకు బూజు తొందరగా పడుతుంది. పాత కాగితపు కవర్లు పారేసి కొత్తవి వేయండి, రికార్డులు దొంతర పేర్చకుండా నిలబెట్టండి. బీరువాను గోడకు మూడంగుళాల ఎడంగా జరిపి, సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో నెలకోసారి తీసి ఆరబెట్టి మళ్లీ పెట్టండి. ఏటిగట్టు పక్క ఇళ్లలో కింది అరలో పుస్తకం గానీ ప్లేటు గానీ ఉంచకండి.